పాఠకుల ప్రశ్నలు - సమాధానాలు: ఎర్ర రాష్ట్రంలో నీలం చుక్క

ప్రశ్న: మా అబ్బాయి కుటుంబం అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహా నగరంలో ఉంటోంది. 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా నేనూ మావారూ అక్కడే ఉన్నాం. సాయంత్రం నడకకు బయలుదేరితే చాలా ఇళ్ల ముందు పచ్చికలో తెల్లని బోర్డులు పాతి ఉండేవి. వాటి మీద పార్టీ పేరు లేదు, అభ్యర్థి పేరు లేదు, గుర్తు లేదు. నడిమధ్య గుండ్రంగా ఒక నీలం చుక్క మాత్రం ఉండేది. ఆ పక్క ఇంటి ముందు ట్రంప్ పేరుతో బోర్డు, రెండిళ్ల అవతల మళ్లీ నీలం చుక్క. ఒక ఇంటి ముందు నీలం చుక్కా, రిపబ్లికన్ పార్లమెంటు సభ్యుడి బోర్డూ పక్కపక్కనే కనిపించాయి. అబ్బాయిని అడిగితే "అదంతా పెద్ద కథమ్మా" అని దాటేశాడు. ఇంతకూ అది ఏ పార్టీ ఊరు?
- ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

సమాధానం: మీరు చూసిన చుక్క ఒమాహా నగరమేనమ్మా. అమెరికా ఎన్నికల పటంలో రిపబ్లికన్ పార్టీ గెలిచిన చోట ఎరుపు, డెమొక్రటిక్ పార్టీ గెలిచిన చోట నీలం వేస్తారు. నెబ్రాస్కా పటం దాదాపు మొత్తం ఎర్రగా ఉన్నా, తూర్పు అంచున మిస్సోరి నది ఒడ్డున ఒమాహా ఉన్న చోట కొన్ని ఎన్నికల్లో చిన్న నీలం మచ్చ పడుతుంది. 2024లో ఆ ఊరి దంపతులు తెల్లని బోర్డు మీద నీలం రంగు గుండ్రంగా చల్లి తమ ఇంటి ముందు పెట్టుకున్నారు. చూసినవాళ్లు తమకూ కావాలని అడగడం మొదలుపెట్టగా, ఎన్నికల నాటికి అలాంటివి వేల సంఖ్యలో వెలిశాయి. పేరు రాయనక్కరలేకుండానే చదివేవారికి అర్థమైందంటే ఆ ఊరివాళ్లకు తమ ఓటు విలువ ఎంత బాగా తెలుసో ఊహించండి.

ఆ విలువ ఒక చట్టం వల్ల వచ్చింది. అమెరికా అధ్యక్షుణ్ని ఎన్నుకునే ఎలక్టోరల్ ఓట్లు మొత్తం 538. గెలవడానికి 270 కావాలి. 48 రాష్ట్రాల్లో ఎవరికి ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా ఆ రాష్ట్రపు ఎలక్టోరల్ ఓట్లన్నీ వారికే పోతాయి. మెయిన్, నెబ్రాస్కా రాష్ట్రాలు మాత్రం వాటిని పంచుతాయి. మెయిన్‌లో ఈ పద్ధతి 1972 ఎన్నిక నుంచి ఉంది. నెబ్రాస్కాలో 1991లో చట్టం చేసి, 1992 నుంచి అమలు చేస్తున్నారు. నెబ్రాస్కాకు ఉన్న 5 ఎలక్టోరల్ ఓట్లలో 2 రాష్ట్రమంతటా ఆధిక్యం వచ్చినవారికి ఇస్తారు. మిగిలిన 3 ఓట్లను మూడు పార్లమెంటు నియోజకవర్గాల్లో ఎక్కడ ఎవరు గెలిస్తే వారికి ఒక్కొక్కటిగా ఇస్తారు. ఒమాహా ఉన్నది రెండో నియోజకవర్గంలో.

చట్టం వచ్చాక పదహారేళ్ల పాటు దాని వల్ల ఏ తేడా రాలేదు, ఎందుకంటే మూడు నియోజకవర్గాల్లోనూ రిపబ్లికన్ అభ్యర్థే గెలుస్తూ వచ్చాడు. 2008లో ఒబామా పార్టీవాళ్లు ఒమాహాలో ప్రత్యేకంగా ఆఫీసు తెరిచి, ఇంటింటికీ తిరిగి, ఆ ఒక్క ఓటునూ సుమారు ఒక్క శాతం తేడాతో గెలుచుకున్నారు. నెబ్రాస్కా నుంచి డెమొక్రాట్ అభ్యర్థికి ఎలక్టోరల్ ఓటు రావడం 1964 తర్వాత అదే మొదలు. 2012లో అది రిపబ్లికన్ అభ్యర్థి రామ్నీకి, 2016లో ట్రంప్‌కు తిరిగి వెళ్లింది. 2020లో బైడెన్, 2024లో కమలా హారిస్ దాన్ని మళ్లీ డెమొక్రాట్ల ఖాతాలో వేశారు. అంటే 2008 నుంచి జరిగిన అయిదు ఎన్నికల్లో మూడు సార్లు ఒకవైపు, రెండు సార్లు మరోవైపు.

మీరు అక్కడున్న సెప్టెంబరు నెలలోనే ఈ చట్టం ప్రాణాల మీదికి వచ్చింది. హారిస్ మిషిగన్, విస్కాన్సిన్, పెన్సిల్వేనియా గెలిచి, అటూ ఇటూ ఊగే మిగతా రాష్ట్రాలన్నీ ఓడిపోతే ఆమెకు ఒమాహా ఓటు లేకుండా సరిగ్గా 269, ఒమాహాతో కలిపి 270 వచ్చే లెక్క అది. ఇద్దరికీ 269 చొప్పున వస్తే నిర్ణయం పార్లమెంటు దిగువ సభ అయిన ప్రతినిధుల సభకు పోతుంది. అక్కడ రాష్ట్రానికి ఒక్కటే ఓటు కాబట్టి రిపబ్లికన్లకు మొగ్గు ఉండేది. అందుకే 5 ఓట్లనూ ఒకరికే ఇచ్చే పాత పద్ధతికి చట్టాన్ని మార్చాలని ఆ రాష్ట్ర గవర్నర్ మీద, శాసనసభ్యుల మీద పార్టీ పెద్దలు ఒత్తిడి తెచ్చారు. నెబ్రాస్కా శాసనసభకు ఒకే సభ, 49 మంది సభ్యులు. చర్చను సాగదీసే పక్షాన్ని దాటి బిల్లు గట్టెక్కాలంటే 33 మంది కావాలి. ఆ సంఖ్యకు అడ్డుపడినవారిలో అందరి కళ్లూ మైక్ మెక్‌డానెల్ మీదే ఉన్నాయి. ఆయన ఒమాహా సభ్యుడు, పూర్వం అగ్నిమాపక సిబ్బంది సంఘం నాయకుడు, అదే ఏడాది వసంతంలో డెమొక్రటిక్ పార్టీని వదిలి రిపబ్లికన్లలో చేరినవాడు. ఎన్నికకు ఇంత దగ్గరలో నిబంధన మార్చడానికి ఒప్పుకోనని ఆయన సెప్టెంబరు 23న చెప్పడంతో ఆ ప్రయత్నం ఆగిపోయింది. పార్టీ మారినా తన ఊరి ఓటు విలువను పోనివ్వని ఆ మనిషి మీద నాకు గౌరవం ఉంది. చివరికి ట్రంప్ 312, హారిస్ 226తో ఫలితం తేలిపోయింది కాబట్టి ఆ ఒక్క ఓటు అవసరం పడలేదు. అయినా ఆ 226లో ఒమాహా ఓటు ఒకటి ఉంది.

ఇక మీరు ఒకే ఇంటి ముందు చూసిన రెండు బోర్డుల సంగతి. ఒమాహా అసలు స్వభావం అక్కడే ఉందని నా అభిప్రాయం. 2020లో ఆ నియోజకవర్గం అధ్యక్ష పదవికి బైడెన్‌ను ఆరు శాతం పైచిలుకు ఆధిక్యంతో గెలిపించింది. అదే రోజు, అదే కాగితం మీద, పార్లమెంటుకు రిపబ్లికన్ పార్టీకి చెందిన డాన్ బేకన్‌ను నాలుగు శాతం పైచిలుకు ఆధిక్యంతో గెలిపించింది. 2024లోనూ హారిస్‌కు, బేకన్‌కు కలిపే పట్టం కట్టింది. బేకన్ వాయుసేనలో బ్రిగేడియర్ జనరల్‌గా పదవీ విరమణ చేసిన వ్యక్తి, ఊరి పక్కనే ఉన్న ఆఫట్ వైమానిక స్థావరానికి ఒకప్పుడు అధిపతి. అవసరమైనప్పుడు సొంత పార్టీ అధ్యక్షుడితో కూడా విభేదిస్తాడని పేరు. పైన ఒకరికి, కింద మరొకరికి ఓటు వేసిన ఆ కొద్ది శాతం మందే అక్కడ గెలుపోటములు తేలుస్తున్నారు.

ఇది మనకు కొత్తేమీ కాదు. 2019 ఎన్నికల్లో మీ విజయవాడ పార్లమెంటు స్థానం పరిధిలోని ఏడు అసెంబ్లీ స్థానాల్లో ఆరింటిని వైఎస్సార్ కాంగ్రెస్ గెలుచుకుంది. తెలుగుదేశానికి విజయవాడ తూర్పు ఒక్కటే దక్కింది. అయినా ఎంపీగా గెలిచింది తెలుగుదేశం అభ్యర్థి. పక్కనే గుంటూరులోనూ అచ్చంగా అదే జరిగింది: ఏడింట ఆరు అసెంబ్లీలు ఒక పార్టీకి, ఎంపీ స్థానం మరో పార్టీకి. మనం దాన్ని క్రాస్ ఓటింగ్ అని ఒక మాటలో చెప్పుకుని వదిలేశాం గానీ, పోలింగు గదిలో రెండు యంత్రాల ముందు నిలబడి రెండు వేర్వేరు మీటలు నొక్కిన ఆ ఓటరు ఆలోచన ఏమిటని ఎవరమూ తీరిగ్గా అడగలేదు. విజయవాడ సెంట్రల్ ఆ ఏడాది 25 ఓట్లతో తేలిన సంగతి మీరు మరిచిపోయి ఉండరు.

కాబట్టి ఒమాహా ఏ పార్టీ ఊరని అడిగితే, ఏ పదవికి అని నేను ఎదురు ప్రశ్న వేయాల్సి వస్తుంది.

ప్రశ్న: ఎరుపు అనగానే మన ప్రాంతంలో కమ్యూనిస్టులు గుర్తొస్తారు. అమెరికాలో పెట్టుబడిదారులకు దగ్గరైన పార్టీకి ఆ రంగు ఎలా వచ్చింది?
- ఒక పాఠకుడు, గాంధీనగర్, విజయవాడ

సమాధానం: దానికి సిద్ధాంతంతో సంబంధం లేదు. రంగుల టీవీ వచ్చాక ఒక్కో ఛానల్ తనకు తోచిన రంగులు వాడేది. కొన్నిసార్లు రిపబ్లికన్లకే నీలం వేసేవారు. 2000 ఎన్నికలో బుష్, గోర్‌ల మధ్య ఫలితం వారాల తరబడి తేలకపోవడంతో ప్రజలు రోజూ అదే పటాన్ని చూశారు. ఆ ఏడాది వాడిన ఎరుపు, నీలం అలా స్థిరపడిపోయాయి.

ప్రశ్న: అమెరికాలో నగరాలు డెమొక్రాట్లవి, పల్లెలు రిపబ్లికన్లవి అని చదువుతుంటాం. అలాంటప్పుడు ఇంత పెద్ద నగరం అటూ ఇటూ ఊగడానికి కారణమేమిటి? ఊళ్లో ఏ పేట ఎటు ఉంటుంది?
- విశ్రాంత అధ్యాపకుడు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: 2020 జనాభా లెక్కల ప్రకారం ఒమాహాలో దాదాపు 4 లక్షల 86 వేల మంది ఉన్నారు. అంటే అమెరికా లెక్కలో మధ్యస్థ నగరం. మీరన్న సూత్రం అక్కడా చాలావరకు నిజమే; అయితే నగరం అనే గీత ఎక్కడ గీశారన్నది ముందు చూడాలి.

చాలా అమెరికన్ నగరాల్లో డబ్బున్నవాళ్లు శివార్లకు తరలిపోయి అక్కడ వేరే మునిసిపాలిటీలు పెట్టుకున్నారు. అందువల్ల నగరం హద్దుల్లో పేదలు, నల్లజాతివారు, యువకులు మిగిలి ఓటు ఒకవైపే ఒరిగింది. ఒమాహా అలా జరగనివ్వలేదు. నెబ్రాస్కా చట్టం ఇచ్చిన అధికారంతో శివారు ఊళ్లను, వాటి ప్రజలు వద్దన్నా సరే, తనలో కలుపుకుంటూ పడమటికి పెరిగింది. 1971లో మిలార్డ్‌ను కలుపుకుంది. ఎల్క్‌హార్న్ అనే ఊరిని 2005లో కలుపుతామంటే ఆ ఊరివాళ్లు కోర్టుకెళ్లారు. రెండేళ్ల వ్యాజ్యం తర్వాత 2007లో అదీ కలిసిపోయింది. గోరంట్ల, నల్లపాడు గుంటూరు కార్పొరేషన్‌లో కలిసినప్పుడు పన్నుల గురించి, గుర్తింపు గురించి మీ ఊళ్లో సాగిన వాదనలు గుర్తు చేసుకుంటే అక్కడి గొడవ ఎలా ఉండి ఉంటుందో మీకు తెలుస్తుంది. అలా కలిసిన శివార్ల రిపబ్లికన్ ఓటు నగరం ఓటుగా లెక్కలోకి వచ్చింది.

ఊరివాళ్లు 72వ వీధిని హద్దుగా చెప్పుకుంటారు. దానికి తూర్పున పాత ఊరు, పడమట కొత్త ఊరు. తూర్పున ఉత్తర భాగం నల్లజాతివారి పేటలు. నల్లజాతి హక్కుల నాయకుడు మాల్కం ఎక్స్ 1925లో పుట్టింది అక్కడే. వాళ్ల ఓటు దశాబ్దాలుగా డెమొక్రాట్ల వైపు గట్టిగా నిలబడింది, అయితే ఆ విధేయత వెనక చేదు అనుభవాలు ఎన్నో ఉన్నాయి. 1919 సెప్టెంబరులో విల్ బ్రౌన్ అనే నల్లజాతి కార్మికుణ్ని డగ్లస్ కౌంటీ కోర్టు భవనం నుంచి గుంపు లాక్కెళ్లి చంపింది. ఆ తర్వాత ఇళ్ల రుణాల్లో, ఇళ్ల అమ్మకాల్లో చూపిన వివక్ష వాళ్లను కొన్ని వీధులకే కట్టిపడేసింది. ఆ ప్రాంతం నుంచి ఎర్నీ చాంబర్స్ అనే స్వతంత్ర సభ్యుడు 1971 నుంచి 2009 వరకు, మళ్లీ 2013 నుంచి 2021 వరకు రాష్ట్ర శాసనసభలో కూర్చున్నాడు. నగర కౌన్సిల్ సభ్యులను ఊరంతా కలిపి ఎన్నుకునే పద్ధతి పోయి ప్రాంతాల వారీ ఎన్నిక రావడంలో ఆయన పాత్ర పెద్దది. ఊరంతా కలిపి లెక్కపెడితే మైనారిటీ పేటల ఓటు మునిగిపోతుందని ఆయన వాదించాడు. ఆయన మాట నిజమని తర్వాతి ఎన్నికలు తేల్చాయి.

తూర్పునే దక్షిణ భాగం పశువుల సంతలకు, మాంసం కర్మాగారాలకు పేరుపడిన ప్రాంతం. ఒకప్పుడు చెక్, పోలిష్, ఐరిష్ కార్మికులు, ఇప్పుడు ఎక్కువగా మెక్సికో, మధ్య అమెరికా నుంచి వచ్చిన కుటుంబాలు. కార్మిక సంఘాల బలంతో అక్కడా డెమొక్రాట్లదే పైచేయి, కానీ పౌరసత్వం లేనివారు, నమోదు చేయించుకోనివారు ఎక్కువ కాబట్టి జనాభాకు తగ్గ ఓట్లు పడవు. నడుమన డండీ వంటి పాత మధ్యతరగతి పేటల్లో చదువుకున్నవారు ఎక్కువ. వారెన్ బఫెట్ 1958లో కొనుక్కున్న ఇంట్లో ఇప్పటికీ ఉండేది ఆ చుట్టుపక్కలే.

ఊపు వస్తున్నది పడమటి నుంచి. బీమా కంపెనీలు, బ్యాంకులు, యూనియన్ పసిఫిక్ రైల్వే ప్రధాన కార్యాలయం, ఆసుపత్రులు, సాఫ్ట్‌వేర్ కొలువులు ఉన్న ఊరు అది. పన్నులు తక్కువ ఉండాలనీ, బడులు బాగుండాలనీ కోరుకునే పడమటి కుటుంబాలు తరాలుగా రిపబ్లికన్లు. 2016 తర్వాత అమెరికా అంతటా పట్టభద్రులు, ముఖ్యంగా మహిళలు, ట్రంప్ ధోరణి నచ్చక అధ్యక్ష ఓటును మార్చుకున్నారు గానీ పార్టీని పూర్తిగా వదులుకోలేదు. పటమటలోని అమ్మగారు చూసిన రెండు బోర్డుల ఇల్లు అలాంటిదే అయి ఉంటుంది. దీనికి ఎదురుగా, కార్మిక కుటుంబాల్లో కొందరు డెమొక్రాట్లకు దూరమయ్యారు. 2024లో పార్లమెంటు ఎగువ సభ అయిన సెనేట్ స్థానానికి డాన్ ఆస్‌బార్న్ అనే మెకానిక్ ఏ పార్టీ లేకుండా పోటీ చేశాడు. 2021లో ఒమాహాలోని కెలాగ్స్ కర్మాగారంలో సమ్మె నడిపినవాడు అతను. రాష్ట్రమంతటా కలిపి ఓడిపోయినా, ఒమాహా ఉన్న డగ్లస్ కౌంటీలో అతనికే ఆధిక్యం వచ్చింది.

హద్దులు గీసేవారి చేతివాటం కూడా చెప్పాలి. 2008లో ఒబామా గెలిచాక, 2011లో నియోజకవర్గాన్ని తిరగగీసినప్పుడు పక్కనున్న సార్పీ కౌంటీలో తూర్పు భాగాన్ని తీసేసి, రిపబ్లికన్లు ఎక్కువున్న పడమటి శివార్లను చేర్చారు. 2021లో సాండర్స్ అనే పల్లె కౌంటీని కూడా కలిపారు. ఇది ఓటరును నేత ఎంచుకోవడమే, నాకు ఏ దేశంలోనూ నచ్చని పని. ఇంత చేసినా 2024లో ఆ నియోజకవర్గం నాలుగు శాతం పైచిలుకు తేడాతో హారిస్ వైపు మొగ్గింది. బేకన్ 2026లో పోటీ చేయనని 2025లోనే ప్రకటించాడు కాబట్టి, ఆయన సొంత పేరుతో నిలబెట్టిన ఓట్లు ఎటు పోతాయన్నది ఆ ఎన్నిక తేల్చాల్సిన విషయం.

ప్రశ్న: అక్కడ మేయర్‌ను ఎలా ఎన్నుకుంటారు? అక్కడా పార్టీల గొడవేనా?
- ఒక పాఠకుడు, కృష్ణలంక, విజయవాడ

సమాధానం: ప్రజలే నేరుగా ఎన్నుకుంటారు. ఓటు కాగితం మీద పార్టీ పేరు ఉండదు, అయినా ఎవరు ఏ పార్టీయో అందరికీ తెలుసు. మన విజయవాడలో 64 డివిజన్ల నుంచి గెలిచిన కార్పొరేటర్లు మేయర్‌ను ఎన్నుకుంటే, ఒమాహా కౌన్సిల్‌లో ఉండేది ఏడుగురే.

రిపబ్లికన్ అయిన జీన్ స్టోథర్ట్ 2013 నుంచి మూడు సార్లు గెలిచారు. ఆమె 2017, 2021 విజయాల మధ్య కాలంలోనే ఊరు బైడెన్ వైపు మొగ్గింది. నాలుగోసారి 2025 మేలో డెమొక్రాట్ జాన్ యూయింగ్ చేతిలో ఓడారు. యూయింగ్ ఒమాహా పోలీసు శాఖలో పైస్థాయిలో పనిచేసి, తర్వాత డగ్లస్ కౌంటీ కోశాధికారిగా ఏళ్ల తరబడి ఉన్న వ్యక్తి. ఒమాహాకు ఎన్నికైన తొలి నల్లజాతి మేయర్. వీధుల గుంతలు, కొత్త ట్రామ్ మార్గం, ఇళ్ల ధరలు ఆ ఎన్నికలో గట్టిగా వినిపించాయి. దేశ రాజకీయాలు ఎంత కమ్ముకున్నా, మేయర్ దగ్గరికి వచ్చేసరికి ఇంటి ముందు రోడ్డును చూసి ఓటు వేసేవారు ఇంకా మిగిలి ఉన్నారు. ఆ అలవాటు మన కార్పొరేషన్ ఎన్నికల్లోనూ బలపడితే ఎంతో మేలు.

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు ఒమాహాలో పదమూడేళ్లుగా ఉద్యోగాలు చేస్తున్నారు. అమ్మాయికి ఈ మధ్యే అమెరికా పౌరసత్వం వచ్చింది, అల్లుడికి ఇంకా రాలేదు. ఇద్దరూ ఓటు వేయవచ్చా? ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
- ఒక తండ్రి, అరండల్‌పేట, గుంటూరు

సమాధానం: అమ్మాయి వేయవచ్చు, అల్లుడు వేయకూడదు. వీసా మీద ఉన్నా, గ్రీన్ కార్డు ఉన్నా అమెరికా జాతీయ ఎన్నికల్లో ఓటు లేదు. డ్రైవింగ్ లైసెన్సు కార్యాలయంలో "ఓటరుగా నమోదవుతారా" అని అడిగే ప్రశ్నకు పొరపాటున కూడా అవునని గుర్తు పెట్టవద్దని అల్లుడుగారికి గట్టిగా చెప్పండి. పౌరుణ్నని తప్పుగా సంతకం చేస్తే రేపు పౌరసత్వ దరఖాస్తుకే ముప్పు. ఆయన భారత పౌరుడిగానే ఉన్నారు కాబట్టి, ఫారం 6ఏ ద్వారా ప్రవాస ఓటరుగా నమోదైతే పోలింగు రోజున సొంత ఊరికి వచ్చి ఇక్కడ ఓటు వేయవచ్చు. అమ్మాయికి మాత్రం ఇక్కడి ఓటు పోయినట్టే, భారత సంతతికి చెందిన విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు దాన్ని తిరిగి ఇవ్వదు.

అమ్మాయి అక్కడ పేరు తానే నమోదు చేయించుకోవాలి, ఎవరూ ఇంటికి వచ్చి రాసుకుపోరు. ఎన్నికకు ముందు రెండో శుక్రవారం సాయంత్రం లోపు కౌంటీ ఎన్నికల కార్యాలయానికి స్వయంగా వెళ్తే సరిపోతుంది. ఆన్‌లైన్‌లోనైతే అంతకు వారం ముందే ముగుస్తుంది. దరఖాస్తులో ఏ పార్టీ అని ఒక గడి ఉంటుంది. ఏ పార్టీ కాదని రాయవచ్చు, దాని వల్ల నవంబరు ఎన్నికలో ఏ నష్టమూ లేదు.

చాలామంది ఓటు కాగితాన్ని ముందే తపాలాలో ఇంటికి తెప్పించుకుంటారు. 2024 అక్టోబరులో మా బంధువుల ఇంట్లో వంటగది బల్ల మీద అలాంటి కాగితాన్ని పరిచి ఉండగా చూశాను. రెండు వైపులా అచ్చు వేసిన పొడవాటి అట్టలాంటి కాగితం, పేరు పక్కన ఖాళీ అండాకారం, దాన్ని కలంతో పూర్తిగా నింపాలి. మొదట అధ్యక్షుడు, తర్వాత సెనేటు, పార్లమెంటు, రాష్ట్ర సభ. అక్కడితో అయిపోలేదు, బడుల బోర్డు, విద్యుత్ సంస్థ డైరెక్టర్లు, సహజ వనరుల మండలి, జడ్జీలను కొనసాగించాలా వద్దా అనే ప్రశ్నలు, చివర ప్రజాభిప్రాయ తీర్మానాలు. నెబ్రాస్కాలో కరెంటు మొత్తం ప్రజల సంస్థలదే, ఒమాహా విద్యుత్ బోర్డు సభ్యులను కూడా ఓటర్లే ఎన్నుకుంటారు. ఆ ఇంటి కోడలు అధ్యక్షుడి గడి నింపడానికి ఒక్క నిమిషం తీసుకుంది. విద్యుత్ బోర్డు అభ్యర్థుల గురించి చదవడానికి దాదాపు గంట కూర్చుంది. ఆ గంట చూసి నాకు ఎంతో ముచ్చటేసింది.

నింపిన కాగితాన్ని ఇచ్చిన కవరులోనే పెట్టి, కవరు వెనక సంతకం చేయాలి. సంతకం లేని ఓటును లెక్కించరు. పోలింగు రోజు రాత్రి 8 గంటల లోపు కవరు ఎన్నికల కార్యాలయానికి చేరాలి. ఆ తేదీ తపాలా ముద్ర ఉంటే చాలదు. చివరి వారంలో తపాలాను నమ్ముకోకుండా, ఎన్నికల కార్యాలయం వారు ఊళ్లో పెట్టిన పెట్టెల్లో ఒకదాంట్లో అమ్మాయి తన చేతులతోనే వేసి రావడం మంచిది.